నాలుగో గదిలో ఇమాం మామ

మా ఇమాం మామకు ఉన్న జబ్బు ఒక్కటే. కనిపించిన ప్రతి మనిషినీ ఆపి, "ఈ దీపం యాడ పెట్టల్ల?" అని అడుగుతాడు.

దీపమంటే ఇంట్లో దీపం కాదు, కంప్యూటర్ ఆటలో దీపం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ధర్మవరంలో, మా వీధి మొదట్లోనే, ఆయన ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, తిరగాలా వద్దా అని ఆలోచించే ఒక ఫ్యాను. మూడు కంప్యూటర్లు జనానికి. నాలుగోది ఆయనకు. దాంట్లో ఒకే ఒక్క ఆట. హిందూపురం నుంచి బామ్మర్ది రియాజ్ తెచ్చిచ్చిన సీడీ.

ఆ ఆటలో మనం ఒక పాతకోటలో ఉంటాం. వెలుతురులో అడుగు పెడితే చచ్చిపోతాం. నీడలోనే నడవాలి. గదిలో ఉన్న దీపాలను అటూ ఇటూ జరిపి, స్తంభాల నీడ తలుపు దాకా పడేటట్టు చేసుకుని, దాని మీద నడిచి బయటపడాలి. ఒక గది దాటితే ఇంకో గది. మే నెలలో ధర్మవరం బజారుకు పోయే ప్రతివాళ్లూ ఆడే ఆటే ఇది. కాకపోతే బజారులో దీపం జరపడానికి వీలుండదు.

ఇమాం మామ మూడు గదులు దాటి నాలుగో గదిలో ఇరుక్కున్నాడు. నేను డిగ్రీ చదివేటప్పుడు ఇరుక్కున్నవాడు, నేను అనంతపురంలో ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరానికి వచ్చినా అక్కడే ఉన్నాడు.

ఊరంతా ఆయనకు సలహాదారులే. కులం సర్టిఫికెట్ జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు ముందు దీపం సంగతి తేల్చాలి. పెనుకొండ దర్గాకు ఉరుసుకు పోతూ బస్సు కండక్టర్‌ను అడిగితే, ఆయన ఆలోచనలో పడి ఇద్దరికి టిక్కెట్లు కొట్టడం మరిచిపోయాడట. ఒకసారి హోటల్లో టిఫిన్ బల్ల మీదే గది కట్టేశాడు. నీళ్ల గ్లాసులు స్తంభాలు, ఉప్పుడబ్బా దీపం, ఇడ్లీ తలుపు. ఎదురుగా కూర్చున్న సైకిల్ షాపు ఎల్లప్పకు అంతా వివరించి తల ఎత్తేసరికి తలుపు లేదు.

"ఎల్లప్పా, తలుపు తినేస్తివి గదప్పా!"

"నా ప్లేట్లో ఉంటే ఇడ్లీ అనుకుంటి."

"ఇంగ బయటికి యాట్ల పోవల్లప్పా నేను?"

"బిల్లు కట్టి పో."

ఆటలో ఇంకో విచిత్రం ఉంది. ఆడే మనిషి తెర మీద కనపడడు. రెండు చేతులు మాత్రం కనిపిస్తాయి. చూస్తున్నది మనమే, నడుస్తున్నది మనమే. పక్కింటి ఆదిలక్ష్మమ్మ అవ్వకు ఇది అసలు మింగుడు పడలేదు.

"ఇమామూ, మనిషి యాడ?"

"మనమే మనిషి అక్కా."

"మరి మొగం లేదే?"

"నీ మొగం నీకు కనపడతాండాదా? ఇదీ అంతే."

అవ్వ తన ముక్కు వైపు కాసేపు చూసుకుని, "కొస మాత్రం కనపడతాది" అంది.

ఎవరు ఏ సలహా ఇచ్చినా ఇమాం మామ కాదనేవాడు కాదు. అప్పటికప్పుడు దీపం అక్కడికి జరిపి, నీడ మీద నడిచి, సగం దారిలో చచ్చిపోయేవాడు. చచ్చినప్పుడల్లా తెర తెల్లగా మెరిసి, ఖంగుమని ఒక గంట మోగేది. స్పీకర్లు పెద్దవి. ఎదురుగా టీ అంగడి ధనుంజయ ఆ గంట వినగానే, "ఇమాం పోయినాడు!" అని కేకేసి ఒక టీ పంపేవాడు. బాగా బేరం ఉన్న రోజున మామ టీలు తాగలేక నిజంగానే పోతాడేమో అనిపించేది.

ఆ చివరి ఏడు ప్రాజెక్టు రాసుకోవడానికి ఇంటికొచ్చి, దాన్ని టైపు చేసుకోవడానికే నేను ఆ సెంటర్‌కు పోయింది. మాట్లాడాల్సి వస్తుందని కూరగాయల అంగడికి కూడా పోని మనిషిని నేను. మూల కంప్యూటర్ దగ్గర తల వంచుకుని కూర్చున్నాను.

"పద్దమ్మా, ఈ దీపం యాడ పెట్టల్ల?"

"నాకు తెలీదు మామా."

"తెలీనోళ్లే కావల్ల. తెలిసినోళ్ల మాట ఇని శానాసార్లు సచ్చినా."

"ఎడమకు..." అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"గట్టిగా చెప్పమ్మా, కంప్యూటరుకు వినపడల్ల!"

"ఎడమకు!"

ఎడమకు జరిపాడు. రెండడుగులు వేశాడు. గంట మోగింది. నేను సిగ్గుతో కుంచించుకుపోతుంటే ఆయన కుర్చీలోంచి లేచి, "చూసినావా, ఎంత బాగా సచ్చినానో! ఇంత దూరం ఎవురూ నన్ను తోలుకపోలే!" అన్నాడు. మరుసటి రోజు నేను కొత్త సలహా ఆలోచించుకుని పోయాను. వారం తిరిగేసరికి ఆయనతో వాదిస్తున్నాను. నెల తిరిగేసరికి, ధనుంజయతో "ఈసారి టీ నాకు పంపన్నా, చంపింది నేనే" అని అనగలిగాను. ఇంట్లో మా నాయన నా గొంతు విని ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నాడు.

ఆ ఏడే ఆదిలక్ష్మమ్మ అవ్వ భర్త చెన్నప్ప తాతకు రెండు కండ్లలోనూ పొర కమ్మింది. తాత పేరున్న నేతగాడు. నిలువు పడుగు ఒక రంగు, అడ్డం పేక ఇంకో రంగు వేసి ఆయన నేసిన పట్టుచీరను వెలుతురులో ఇటు తిప్పితే పచ్చన, అటు తిప్పితే ఎర్రన. అలాంటివాడు తెగిన పోగు కనపడక మగ్గం దిగాడు. దిగినవాడు మాట్లాడటమూ మానేశాడు. గోడకు మొహం పెట్టి కూర్చునేవాడు.

ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని, బాగా ముదరనిస్తే కష్టమని అనంతపురం డాక్టరు చెప్పాడు. తాత ససేమిరా అన్నాడు. దానికి కారణం తిమ్మరాజు అనే నేస్తుడు. "కన్ను ఊడబెరికి, గిన్నెలో కడిగి, మళ్లీ పెడతారంట" అని ఆయన తాతకు చెప్పాడు. కడిగేదానికి తాత భయపడలేదు. "ఎడమది తెచ్చి కుడికి పెడితే?" అన్నది ఆయన ప్రశ్న.

అవ్వ మా సెంటర్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది ఇమామూ. ఆయప్ప జవాబు కూడా చెప్పడు."

"అక్కా, పెద్దాయన్ను రేపు ఈడికి తోలుకరా. నాకు పనుండాది."

మరుసటి రోజు తాత కట్టె టకటకలాడించుకుంటూ వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి ఇమాం మామ అడిగింది ఏమిటో వేరే చెప్పాలా?

"పెద్దాయనా, ఈ దీపం యాడ పెట్టల్ల?"

తాత మొహం ఎర్రబడింది.

"కండ్లు కనపడనోన్ని అడుగుతావేంరా? సిగ్గు లేదా?"

"కనపడేవాళ్లందర్నీ అడిగినా పెద్దాయనా. ఊరు అయిపోయింది."

తాత కట్టెను కుర్చీకి ఆనించి ముందుకు వంగాడు.

"దీపం ఎంత ఎత్తులో ఉండాది?"

"మనిషెత్తు."

"స్తంభానికి దగ్గరగా తే. తోలుబొమ్మలాట చూడలేదా నువ్వు? దీపం దగ్గరైతే నీడ పెద్దదయితాది."

మామ తెచ్చాడు. నడిచాడు. గంట మోగింది.

"ఏమైంది?" అన్నాడు తాత.

"సచ్చినా."

"నేను చెప్పింది సరిగ్గా చేసుండవు!"

"చేసినా పెద్దాయనా, నీ తోడు."

"చేసింటే యాల సస్తావు? రేపొస్తా ఉండు, నీ సంగతి చెప్తా!"

వచ్చాడు. రోజూ వచ్చాడు. రోజూ చంపాడు. ఇమాంను తిట్టడానికి ఓపిక కావాలని రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడని అవ్వ మురిసిపోయింది. ఆపరేషన్ మాట ఎత్తితే మాత్రం మళ్లీ గోడే.

ఒక మధ్యాహ్నం నేను మూల అడ్డం వెనక టైపు చేసుకుంటున్నాను. సెంటర్‌లో ఇంకెవరూ లేరు. నేనున్న సంగతి మామ మరిచిపోయాడు. ఇంటి నుంచి ఆస్మా అత్త పంపిన క్యారియర్ ముందు పెట్టుకుని, ఒక చేత్తో ముద్ద కలుపుకుంటూ, ఇంకో చేత్తో కీబోర్డు మీద టకటకా కొడుతూ ఆట ఆడుతున్నాడు. ప్లైవుడ్ సందులోంచి ఊరికే చూశాను. నాలుగో గది. దీపం ఇటు, స్తంభం అటు, చకచకా నడిచి తలుపు దాటేశాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఐదో గది దాటాడు. ఊరగాయ నాకుతూ ఆరోది దాటాడు. కోట బయట తెల్లవారుతోంది. ఆట అయిపోయింది. తెర నిండా పొద్దుపొడుపు. మామ దాని వైపు చూడను కూడా చూడలేదు. మజ్జిగ అన్నం కలుపుకుంటున్నాడు. ఎన్నోసార్లు చూసి ఉంటే తప్ప మనిషి పొద్దుపొడుపును అలా వదిలేయడు.

వాకిట్లో కట్టె చప్పుడైంది. మామ ఉలిక్కిపడి, ఎడమ చేత్తో ఏవో బటన్లు నొక్కి నాలుగో గదికి వచ్చిపడ్డాడు.

"రా పెద్దాయనా! పొద్దుట్నుంచీ ఈడనే ఇరుక్కుని ఉండా!"

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ మాటలు మింగడం నాకు చిన్నప్పటినుంచీ మంచి అలవాటు.

ఆ రోజు తాత సలహాకు చచ్చాక మామ కీబోర్డు పక్కకు నెట్టేశాడు.

"ఇంగ నా వల్ల కాదు. నువ్వు చూడకుండా చెప్తాండావు, నేను సస్తాండా. ఒక్కసారి నీ కంటితో చూసి చెప్పు. అప్పటికీ దాటకుంటే సీడీ విరగ్గొట్టి పారేస్తా."

"కన్ను యాడ తేవల్లరా?"

"అనంతపురంలో ఉండాదంట."

"తిమ్మరాజు ఏమన్నాడో తెలుసునా?"

"ఎడమది కుడికి పెట్టినా పర్వాలేదు పెద్దాయనా. దీపం కనపడితే సాలు నాకు."

తాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి, కండ్లు తుడుచుకుని, "పొద్దున అనంతపురం బస్సు ఎన్నింటికిరా?" అన్నాడు.

ముందు ఒక కంటికి చేశారు. ఎవరూ ఏదీ గిన్నెలో కడగలేదని తెలిసి తిమ్మరాజు కాస్త నిరాశపడ్డాడు. కొన్నాళ్లు ఎండ తగలకూడదని తాతకు నల్లద్దాలు ఇచ్చారు. బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు ఇమాం మామ చెయ్యి పట్టుకుని ముందు నడిచాడు.

"ఈ గోడ పక్కనే రా పెద్దాయనా, నీడుండాది. ఇంగ ఆ చింతచెట్టు దాకా నీడ లేదు. బిరబిరా దాటల్ల. ఆఁ, దాటినాం!"

"ఓరి పాపిష్టోడా," అన్నాడు తాత, చెట్టు కింద ఆయాసపడుతూ, "నన్నే తెచ్చి నీ ఆటలో పడేస్తివి గదరా!"

అద్దాలు తీయవచ్చని డాక్టరు చెప్పిన రోజున సెంటర్ నిండిపోయింది. ధనుంజయ టీ అంగడి వదిలేసి వచ్చాడు. ఎల్లప్ప వచ్చాడు, ఇడ్లీ లేకుండా. తాత కుర్చీ ముందుకు జరుపుకుని తెర వైపు చూశాడు. తర్వాత తెరను వదిలి ఇమాం మామ మొహం వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. మళ్లీ తెర వైపు తిరిగాడు.

"ఆ వెనక స్తంభం చాటుకు జరుపు. ఇంగొంచెం. ఆఁ, సాలు. నడువు."

నీడ తలుపు దాకా సాగింది. మామ ఒక్కో అడుగే వేసుకుంటూ నడిచాడు. తలుపు తెరుచుకుంది. ఆయన కుర్చీ మీదికెక్కి కేకలు పెట్టాడు. తాతను వాటేసుకున్నాడు. వీధి మొత్తానికి టీలు చెప్పాడు. ఆ నటన చూసి నాకే అనుమానం వచ్చింది, ఆ మధ్యాహ్నం నేను చూసింది కలేమోనని.

గోల సద్దుమణిగాక తాత మెట్ల మీదికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"వాడు ఎప్పుడో దాటినాడులే పాపా."

ఉలిక్కిపడ్డాను. "నీకెట్ల తెలుసు తాతా?"

"కండ్లు పోయినాక నాకు మిగిలింది చెవులే గదా. మగ్గం నేర్చుకునేవాని చప్పుడు వేరే, నేసేవాని చప్పుడు వేరే. నేను మెట్లెక్కేదాకా లోపల టకటకా టకటకా మగ్గం ఆడినట్టే ఆడతాండె. నేను కూచోంగానే, టక్కు... టక్కు... నిన్న మగ్గమెక్కిన పిల్లోని మాదిరి."

"తెలిసీ ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నావు?"

"అంత అబద్ధం ఆడేటప్పుడు వాని మొగం ఎట్లుంటాదో ఒకసారి చూద్దామని."

"ఎట్లుండె?"

"దొంగతనంగా బెల్లం తిన్న పిల్లోని మాదిరుండాది. వానికి అబద్ధం అస్సలు చేత కాదు పాపా. నాకు తెలుసని వానికి చెప్పద్దు. బాధపడతాడు."

అప్పుడు నాకు నా 'ఎడమకు' గుర్తొచ్చింది. ఊళ్లో అందరూ మన తప్పుకు నవ్వుతారు. మన తప్పుకు తాను చచ్చి, బాగా చచ్చానని సంతోషించే మనిషి మాకు ఒక్కడే దొరికాడు.

లోపల జిరాక్స్ మిషను దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. రొళ్ల నుంచి మా వీధికి కొత్తకోడలుగా వచ్చిన ఆరిఫా. వచ్చినప్పటినుంచీ ఆమె గొంతు ఎవరూ వినలేదు. ఇమాం మామ దిగులుగా తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఐదో గదిలో ఇరుక్కుంటి గదమ్మా. ఈ దీపం యాడ పెట్టల్ల?"

ఆమె పెదాలు కదిలాయి.

"గట్టిగా చెప్పమ్మా, కంప్యూటరుకు వినపడల్ల!"

"కుడికి!"

ఖంగుమని గంట మోగింది. వీధి అవతలి నుంచి "ఇమాం పోయినాడు!" అని ధనుంజయ కేక. తాత నల్లద్దాలు ఎండకు మళ్లీ పెట్టుకుంటూ, కట్టె తీసుకుని లేచాడు.

"పోనీలే పాపా," అన్నాడు. "ఐదో గది కూడా బాగా పెద్దదే అనుకుంటా. ఊరంతా పడతాది."