గొలుసు సూట్‌కేస్‌లో ఉంది

2009లో మేం అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉండేవాళ్లం. మావారి వీసా ఇక పొడిగించరని తేలిపోయిన వారంలోనే మా అమ్మాయి స్కూల్లో చరిత్ర ప్రదర్శన పెట్టారు. అయిదో క్లాసు పిల్లలు ఒక్కొక్కరూ ఒక పాతకాలపు మనిషి వేషం వేసుకుని తమ కథ తామే చెప్పాలి. మిగతావాళ్లంతా ప్రెసిడెంట్ల వెంట పడితే, మాది మాత్రం ఓడిపోయినవాణ్ని ఎంచుకుంది. రోమన్లు బ్రిటన్ మీద పడినప్పుడు ఏళ్ల తరబడి కొండల్లో ఎదిరించిన కెల్టిక్ తెగ నాయకుడట. తలదాచుకోవడానికి వెళ్లిన చోట నమ్మినవాళ్లే పట్టిచ్చారు. గొలుసులు వేసి రోముకు తీసుకెళ్లి చక్రవర్తి ముందు నిలబెట్టారు.

"షో అయ్యేదాకా దానికి చెప్పకు," అన్నారు మావారు. మూడు వారాల్లో ఇండియాకు వెళ్లిపోవాలి. సరేనన్నాను. ఆ రోజుల్లో ఏమన్నా సరేననేదాన్ని. చిన్నదానికే ఇల్లు పీకి పందిరేసే మనిషిని, అప్పుడు మాత్రం కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. వండాను, గిన్నెలు తోమాను, అది స్కూలుకు వెళ్లాక క్లోజెట్‌లో సూట్‌కేసులు సర్దాను.

వేషానికి మావారి గళ్ల లుంగీ దాని భుజం మీదుగా వేసి పిన్నీసు పెట్టాను. ఆ వీరులు ఒంటికి నీలం పూసుకునేవారని అది చెబితే, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు తీసి బుగ్గల మీద చారలు గీశాను. బయల్దేరబోతుంటే గొలుసు గుర్తొచ్చింది. రైల్లో సామానుకు కట్టే గొలుసు ఒకటి ఇండియా నుంచి తెచ్చుకున్నాం.

"పైన క్లోజెట్‌లో పెద్ద సూట్‌కేస్‌లో ఉంది, తెచ్చుకో," అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే అది మెట్లెక్కేసింది. ఆ సూట్‌కేస్‌లో పైన పెట్టినవన్నీ దాని స్వెటర్లు, దాని బొమ్మలే. చాలాసేపటికి గొలుసు చేతులకు చుట్టుకుని దిగింది.

"దొరికింది," అంది. నేను కారు తాళాలు తీసుకున్నాను.

స్కూల్లో తడబడకుండా చెప్పింది. నా ఇల్లు నాకు కావాలని కొట్లాడాను, అందులో తప్పేముందని చక్రవర్తిని అడిగింది. టీచర్ లుంగీని పట్టుకుని చూసి తెగ మెచ్చుకుంది. మావారు వీడియో తీశారు.

ఇంటికొచ్చాక నీలం వదల్లేదు. బాత్రూమ్‌లో అద్దం ముందు నిలబెట్టి, కొబ్బరినూనె రాసి రుద్దుతున్నాను.

"అమ్మా, ఎంపరర్ అతన్ని కిల్ చేయలేదు, తెలుసా? రోమ్‌లోనే ఉండు అన్నాడు. ఫ్యామిలీతో."

"అలాగా."

"అంత ఫైట్ చేశాడు కదా, బట్ ఉండనిచ్చారు." అద్దంలోంచి నన్నే చూస్తోంది. "మనం ఎవరితో ఫైట్ చేయలేదు కదా అమ్మా?"

రుద్దుతూనే ఉన్నాను. నీలం ఎప్పుడు వదిలిందో చూసుకోలేదు. బుగ్గ ఎర్రగా కందిపోయాక అదే నా చెయ్యి పట్టుకుని ఆపింది.