రఘుపతి సొంత సర్వర్

రఘుపతి గోళ్లలోని మసి తవ్వాలంటే గోదావరిఖని బొగ్గుబావుల్లోని మూడు షిఫ్టులూ దిగాల్సిందే. తన మొబైల్ షాపులోని పాత కంప్యూటర్‌ను వీడియో కాల్స్ నడిపే సొంత సర్వర్‌గా మార్చాడు. అందరికీ ఉచితంగా దొరికే ప్రోగ్రామే అది. తానే కనిపెట్టినట్టు చెబుతాడు. బొగ్గుదుమ్ముకు ఫ్యాన్ ఆగినప్పుడల్లా గుట్కా నోటితోనే ఊదుతాడు. ఆ ఎర్రటి తుంపర పెట్టె మీద అట్ట కట్టింది. చిటికెనవేలితో దుమ్ము తీసి, అదే వేలితో చెవి గెలుక్కుని, అదే చేత్తో షాపుకొచ్చినవాళ్లకు మిర్చిబజ్జీలు పంచుతాడు.

ఒకరోజు అదే వాడలో ఉండే ముసలి ఐలవ్వ షాపుకు వచ్చింది. కొత్తగూడెం దవాఖానలో ఆమె తమ్ముడిని గుండె ఆపరేషన్‌కు తీసుకుపోబోతున్నారు. "జల్ది కలుపు కొడుకా, వాడికి ఒక్కమాట ధైర్యం చెప్త" అంది. తెర మీద తమ్ముడు కనిపించాడు. పక్కనే రఘుపతి మొహమూ వెలిగింది. "కాకా, ఇది నా సొంత సర్వర్! కంపెనోళ్ల యాప్‌లయితే మన ముచ్చట్లన్నీ వింటరు. నా దాంట్ల బయటోడు ఒక్కడు వినడు. బొమ్మ అద్దమోలె లేదా?" తమ్ముడు ఆయాసపడుతూ తలూపాడు. "నన్ను మాట్లాడనియ్యి కొడుకా!" అంది ఐలవ్వ. "ఉండవ్వా, సౌండ్ ఎట్లుందో చెప్పనియ్యి." ఇంతలో నర్సు ఫోన్ తీసుకుంది. స్ట్రెచర్ కదిలింది. తెర నల్లబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఐలవ్వ వైపు తిరిగి రఘుపతి ఎర్రటి పళ్లన్నీ బయటపెట్టాడు. "చూసినవా అవ్వా, ఎక్కడన్న కట్టయిందా?"