గొళ్ళేనికి కట్టిన తువ్వాలు

1996 వేసవి. నేను కలకత్తాలో ఎం.ఆర్క్. రెండో సంవత్సరంలో ఉన్నాను. మా నాన్నగారు బ్యాంకు ఆఫీసరు. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి భవానీపూర్‌లో అద్దెకుండేవాళ్ళం. మా చదువులో పట్టా చేతికి రావాలంటే ఆఖర్న ఒక థీసిస్ చెయ్యాలి. అందులో రాత తక్కువ, గీత ఎక్కువ. ఒక చోటు ఎంచుకుని, అక్కడి మనుషులకేం కావాలో కనుక్కుని, వాళ్ళకు తగ్గ ఇళ్ళు గీసి, అట్టముక్కలతో మోడల్ చేసి, జ్యూరీ ముందు నిలబడి తిట్లు తినాలి. నా విషయం ప్యాసివ్ కూలింగ్. అంటే కూలర్లూ ఏసీలూ లేకుండా కట్టడంలోనే ఇల్లు చల్లగా ఉండే ఏర్పాటు. ఇప్పుడు దానికి పర్యావరణహిత నిర్మాణమని గొప్ప పేరుంది. అప్పట్లో మా క్లాసువాళ్ళు, ఈ పిల్లకు ఉద్యోగం అక్కర్లేదు కాబోలు అని జాలిపడ్డారు.

నేను ఎంచుకున్న చోటు వాట్‌గంజ్‌లో రేవు కార్మికులుండే ఒక సందు. అక్కడ ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. తెలుగులో అడగొచ్చు, పని తొందరగా తెములుతుంది అన్నది నా లెక్క. ఇటుక గోడల ఇళ్ళు రెండు వరసలు, పైన ఆస్‌బెస్టాస్ రేకులు, మధ్యన ఒక సైకిలు పట్టేంత దారి, సందు చివర కుళాయి. ఒక్కో ఇంటికి ఒక్కటే గది, వెనక వంటకు చిన్న వసారా. పొద్దున్నే ఇంటిపని అయ్యాక ఆడవాళ్ళు తీరిగ్గా దొరుకుతారని ఆ వేళకు టేపూ కెమెరా పట్టుకుని దిగేదాన్ని.

నాది పెద్ద గొంతు. మా ఇంట్లో అందరిదీ అంతే. ఉప్పు అందించమన్నా పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తారు. ఆ సందులో మాత్రం నేనేదడిగినా ముందు "నెమ్మదమ్మా" అనేవారు, ఆ తర్వాత గుసగుసగా జవాబు చెప్పేవారు. పిల్లలు కూడా కాళ్ళు ఆనీ ఆనకుండా నడిచేవారు. కొత్త మనిషిని చూసి జంకుతున్నారని తేల్చేసుకున్నాను. ఇంకో వింత, చాలా ఇళ్ళ గొళ్ళేలకు ఎర్ర గళ్ళ తువ్వాళ్ళు కట్టి ఉండేవి. బట్టలారేసుకునే చోటు లేక పాపం తలుపులకు కట్టుకుంటున్నారనుకున్నాను. సైట్ సర్వే అంటే చూసినదాన్నల్లా గీసుకోవడమే కదా, తువ్వాళ్ళతో సహా గీసుకున్నాను.

వాటిని చూసి నేను చేసిన డిజైను అమోఘంగా ఉందని మా గైడ్ సార్ కూడా అన్నారు. మధ్యలో విశాలమైన ముంగిలి, అందులో కుళాయి, పిల్లలాడుకునే జాగా, బట్టలారేసుకునే తీగలు. అన్ని ఇళ్ళ తలుపులూ కిటికీలూ ఆ ముంగిట్లోకే. సాయంత్రమయ్యేసరికి దక్షిణపు గాలి ఆ కిటికీల్లోంచి పడగ్గదుల్లోకి వస్తుంది. మోడల్‌కు చిన్న చిన్న చెట్లు కూడా అతికించాను.

ఇక మిగిలింది తలుపుల ఫోటోలు. ఆ రోజు వరాలమ్మ ఇంటి తలుపు దగ్గర ఆగాను. సర్వే మొదలుపెట్టిన రోజు నుంచీ నాకు ఆ సందులో అందరికంటే చనువైన మనిషి వరాలమ్మ. వాళ్ళాయన సింహాచలం రేవులో వించ్ డ్రైవరు. వించ్ అంటే ఓడలోంచి సరుకును తాళ్ళతో పైకెత్తి ఒడ్డున దించే యంత్రం. కూతురు గౌరి చిన్న క్లాసులో ఉంది. వరాలమ్మ కుళాయి దగ్గర ఉంది. తలుపుకున్న తువ్వాలు ఫోటోకు అడ్డంగా ఉందని విప్పి, చక్కగా మడిచి చేత్తో పట్టుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఇంతలో సన్నికల్లుకు గాట్లు పెట్టేవాడు వచ్చాడు. బెంగాలీ అతను. సందు మొదటి నుంచీ పిల్లిలా నడిచి వచ్చి, సరిగ్గా సింహాచలం ఇంటి ముందు ఆగి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు చించుకుని కేకేశాడు. ఎదురింటావిడ సన్నికల్లు తెచ్చి ఇచ్చింది. అతను అక్కడే గొంతుక్కూర్చుని ఉలితో టకటకా మొదలుపెట్టాడు.

తలుపు తెరుచుకుంది. సింహాచలం బయటికొచ్చాడు. ఒళ్ళంతా చెమట, కళ్ళు చింతనిప్పులు. మమ్మల్నెవర్నీ చూడలేదు, గొళ్ళెం వైపు చూశాడు.

"తువ్వాలేదీ?"

నా చేతిలో ఉంది. కుళాయి దగ్గర్నుంచి వరాలమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! తువ్వాలు ఇప్పీసినావేటమ్మా?"

"ఆరిపోయింది కదా అని మడతపెట్టానక్కా."

"ఆరబెట్టుకోడానికేటి కట్టినాము? లోన నైట్ డూటీ మనిసి తొంగున్నాడని గుర్తు అది. అది సూసే ఎవులైనా నోరు మూసుకుని ఎల్తారు."

సన్నికల్లు అతను ఉలి సంచిలో వేసేసుకుని, "ఎఖానే తో గామ్ఛా ఛిలో నా, దీదీ" అన్నాడు. ఇక్కడ తువ్వాలు లేదు కదా అని. పాపం అతని తప్పేముంది! వీధులు తిరిగే పనివాళ్ళకు కూడా తెలిసిన సంగతి, నెలన్నరగా సర్వే చేస్తున్న నాకు తెలియలేదు. సిగ్గుతో నా గొంతు మొదటిసారి దానంతటదే తగ్గింది.

సింహాచలం మళ్ళీ లోపలికి వెళ్ళాడు గానీ నిద్ర పట్టలేదు. వరాలమ్మ నన్ను వసారాలో కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది.

"మొన్న వించి మీద కునుకొచ్చీసినాది. బస్తాల కట్టు ఊగిపోనాది. దేవుడి దయ, కింద ఎవుల్లేరు. ఇంకోపాలి కునుకు తీస్తే వించి దించీసి బస్తాలు మొయ్యడానికి ఏస్తానన్నాడు జట్టు సర్దారు. ఈ మనిసి నడుం బస్తాలు మొయ్యగల్దా సెప్పు? ఈ ఏడాది డూటీలన్నీ రేత్రివేళే పడతన్నాయి. మద్దినేల నిద్దర లేదు. సందంతా నోరు మూసుకుంటాది గానీ, పైనున్న రేకు మూసుకుంటాదేటి?"

లోపలికి తొంగి చూశాను. చెయ్యెత్తితే రేకు సెగ అరచేతికి తగులుతోంది. సందులోకి ఉన్న ఏకైక కిటికీకి వెలుతురు రాకుండా దుప్పటి కప్పారు, దాంతో గాలీ లేదు. ఒక మూల గౌరి పలకా పుస్తకం ముందేసుకుని పెదాలు మాత్రమే కదుపుతూ పాఠం చదువుకుంటోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి నా మోడల్ చూసుకుంటే ఇంకా ఏడుపొచ్చింది. సింహాచలం తలగడ పక్కన కుళాయి పెట్టాను, ఆ పక్కనే పిల్లల్ని పెట్టాను. చెట్లొకటీ!

మర్నాడు గైడ్ సార్‌తో డిజైను మార్చేస్తానన్నాను. ఆయన బెంగాలీ మనిషి, మంచివారు, కానీ సబ్మిషన్ తేదీ దగ్గరపడితే మంచితనం కాస్త తగ్గేది.

"ఇప్పుడు మొదటికొస్తే పాసవుతావా?"

"సార్, మన పుస్తకాలన్నిట్లో పడగ్గది అంటే రాత్రి వాడే గది. సాయంత్రం గాలి వస్తే చాలు. పగలు పడుకునేవాడికి గది ఎలా ఉండాలో ఏ పుస్తకంలోనూ లేదు."

"లేకపోతే నువ్వు రాస్తావా?"

"కట్టి చూపిస్తాను" అనేశాను. నోటి దురద. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, అయితే ఒక్క గదే, అన్నారు.

సింహాచలం గదే ఆ ఒక్క గది. వాట్‌గంజ్‌లో ఆ రోజుల్లో గోడకు సున్నం వెయ్యాలన్నా పార్టీ ఆఫీసులో ఒక మాట చెప్పాలి. అక్కడి దాదా టీ తాగుతూ నా డ్రాయింగు అటూ ఇటూ తిప్పి, "ఒకరికి చేస్తే అందరూ అడుగుతారు" అన్నాడు. అడగాలనే చేస్తున్నానన్నాను. నవ్వి వదిలేశాడు.

చేసింది పెద్ద పనేం కాదు. రేకు మీద జానెడు ఎత్తున వెదురు కర్రలు పరిచి, వాటి మీద వెదురు తడికలు కప్పాం. దీన్ని డబుల్ రూఫ్ అంటారు. ఎండ తడిక మీద పడుతుంది, తడికకూ రేకుకూ మధ్య గాలి ఆడుతుంది, రేకు కాలదు. సందులోకి ఉన్న కిటికీ మూయించి, ముందు గోడలోనూ వెనక గోడలోనూ కప్పు కింద వెడల్పాటి కన్నాలు పెట్టించాను. వాటి ముందు ఇటుకల్ని ఒకటి విడిచి ఒకటి రెండు వరసల్లో, ఒక వరస ఖాళీకి రెండో వరస ఇటుక అడ్డం వచ్చేలా పేర్పించాను. గాలి వంకర దారిలో కూడా దూరిపోతుంది. వెలుతురు తిన్నగా తప్ప రాలేదు. చప్పుడు కూడా ఆ ఇటుకల్లో కొంత ఆగుతుంది. పొయ్యి వేడి గదిలోకి రాకుండా వసారాకు ఒక తడిక అడ్డం పెట్టాం. సుత్తి పనంతా సాయంత్రం, నైట్ డ్యూటీవాళ్ళు రేవుకు వెళ్ళాకే.

మొదటి కాలవైశాఖికే ఒక తడిక లేచిపోయి మూడో ఇంటి మీద పడింది. వేసవి సాయంత్రాల్లో హఠాత్తుగా వచ్చే ఆ గాలివాన సంగతి నేను డ్రాయింగులో తలచుకోలేదు. సందులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత సింహాచలం, అతని జట్టువాళ్ళూ కలిసి ఓడ తాళ్ళతో బిగించి కట్టారు. మళ్ళీ కదల్లేదు.

ఆ మరుసటి వారం నేను వెళ్ళేసరికి గొళ్ళేనికి తువ్వాలుంది. వరాలమ్మ గడపలో బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికి.

"తొంగున్నాడమ్మా. నిన్నా అంతే, మొన్నా అంతే. అన్నానికి లేపితే ఇసుక్కుంటన్నాడు."

నేను అక్కడే గడప పక్కన చతికిలబడ్డాను. అంత సంతోషం నాకు తర్వాత ఏ భవనం కట్టినా రాలేదు.

జ్యూరీ రోజున అసలు పరీక్ష వచ్చింది. ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చే పరీక్షకుడు, నాలాగే గట్టి గొంతు మనిషి. ఆయన తిడితే మెట్ల కింద టీ కొట్టువాడికి కూడా వినిపించేది. నా డ్రాయింగులు చూసి, "కాగితం మీద అన్ని ఇళ్ళూ చల్లగానే ఉంటాయి. గది చూపించు" అన్నారు. గైడ్ సార్, ఆయన, నేను ట్యాక్సీలో వాట్‌గంజ్ బయల్దేరాం. మిట్టమధ్యాహ్నం. గదిలో థర్మామీటరు పెట్టి ఆయన కళ్ళ ముందే కొలిస్తే సరి, పాసైనట్టే.

గొళ్ళేనికి తువ్వాలుంది.

వరాలమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. "అక్కా, రెండు నిమిషాలు. నా పరీక్ష" అని బతిమాలాను.

"ఏటనుకోకమ్మా. నీ పరీచ్చ రేపైనా పెట్టుకుంటారు. ఆయనకి ఇయ్యాల రేత్రి వించి ఉంది."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఆవిడను తోసుకుని వెళ్ళాలని మాత్రం అనిపించలేదు. ఎక్స్‌టర్నల్ గారు ఏమిటంటోందని బెంగాలీలో గట్టిగా అడిగారు. చుట్టుపక్కల గడపల్లో కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా వేలు నోటి మీద పెట్టుకున్నారు. అంత పెద్దాయన బడిపిల్లాడిలా నోరు మూసుకున్నారు. నేను తువ్వాలు సంగతి చెవిలో చెప్పాను. ఆయన తలెత్తి తడికల్ని చూశారు, గోడ మీద అరచెయ్యి ఆనించారు, ఇటుకల కన్నం దగ్గర చెవి పెట్టారు. లోపల్నుంచి గురక వినిపిస్తోంది. చాలా సేపు విన్నారు.

వైవా సందు చివర కుళాయి దగ్గర, గుసగుసల్లో జరిగింది. లోపలి రీడింగులేవని గైడ్ సారే కంగారుగా అడిగారు. పగలు ఎప్పుడొచ్చినా ఆయన నిద్రపోతూనే ఉన్నాడు, కొలవడం కుదరలేదు అని నిజమే చెప్పాను. ఎక్స్‌టర్నల్ గారు నవ్వలేదు.

"ఇంత ఎండలో రేకు కింద మనిషి ఒళ్ళు మరచి నిద్రపోతున్నాడు. ఇంకేం కొలుస్తారు?" అని గైడ్ సార్‌తో అని, ట్యాక్సీ వైపు నడిచారు. మునివేళ్ళ మీద.

పాసయ్యాను. వర్షాలు మొదలయ్యేలోగా ఆ సందులో ఇంకో నాలుగైదు ఇళ్ళ మీదికి తడికలెక్కాయి, పార్టీ దాదా అన్నట్టే. సింహాచలం వించ్ దిగలేదు.

నేను ఇప్పటికీ ఎవరికి ఇల్లు గియ్యాలన్నా మొదట అడిగేది ఒక్కటే, మీ ఇంట్లో ఎవరెప్పుడు పడుకుంటారు అని. డబ్బున్నవాళ్ళు వింతగా చూస్తారు. ఎన్ని బెడ్‌రూములో అడగాలి గానీ ఇదేం ప్రశ్న అంటారు. జవాబు చెప్పేదాకా పెన్సిలు ముట్టుకోను.

2009లో సింహాచలం రిటైరయ్యాడని కబురొచ్చింది. ఫోన్‌లో వరాలమ్మ, "ఇప్పుడు రామ్మా. రేత్రివేళే తొంగుంటన్నాడు. పగలు గది కాళీయే. నువ్వు సేసినది నువ్వు సూడనేదు కదా" అంది. నిజమే. పదమూడేళ్ళయినా మధ్యాహ్నం వేళ ఆ గదిలో ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలియదు. మిఠాయి కొనుక్కుని, సంచిలో థర్మామీటరు వేసుకుని మరీ వెళ్ళాను.

సందు అలాగే ఉంది. తడికలు కొత్తవి. సింహాచలం తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు, జుట్టంతా తెల్లబడింది. "బాగున్నారా అన్నయ్యా!" అని నా మామూలు గొంతుతో పలకరించాను. ఆయన గబుక్కున లేచి వేలు నోటి మీద పెట్టుకున్నాడు. అప్పుడు చూశాను, గొళ్ళేనికి ఎర్ర గళ్ళ తువ్వాలు.

"నెమ్మదమ్మా" అన్నాడు. "మా గౌరికి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వొచ్చినాది. ఈ వారమే సేరినాది. రేత్రి డూటీ సేసొచ్చి ఇప్పుడే తొంగుంది."

వరాలమ్మ చప్పుడు చెయ్యకుండా ఇంకో రెండు స్టూళ్ళు తెచ్చి వేసింది. గది చూడలేదు. థర్మామీటరు సంచిలోనే ఉంది. ముగ్గురం సందులో కూర్చుని, గుసగుసగా మాట్లాడుకుంటూ, గౌరి లేచేదాకా ఉన్నాం.