నాయన చూసిన త్రీడీ సినిమా

మా నాయన ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీలు తోలి తోలి మానేసి, కర్నూల్లో మా ఇంట్లో ఉంటున్నాడు. రెండు కళ్ళలోనూ పొరలున్నాయి, ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. ఈయనేమో నా కూతుర్ని స్కూటర్ మీద ఎక్కించుకుని బడికి దింపుతూనే ఉన్నాడు. మొన్న ఆగి ఉన్న ఆటోను గుద్దాడు. పిల్లకు ఏమీ కాలేదు కానీ నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు.

పోట్లాటకు దిగాను.

"నాకు కండ్లు కనపడవని ఎవురు చెప్పినారు? సినిమాకు పోదాం పా. జరగబోయేది ముందే చెప్తా. ఒక్కటి తప్పినా ఆపరేషన్ చేయించుకుంటా" అన్నాడు నాయన. తప్పకపోతే ఇక ఆ మాట ఎత్తకూడదట. సరేనన్నాను.

ఆదివారం మ్యాట్నీకి పోయాం. వేరే గ్రహం మీద జరిగే సినిమా, త్రీడీ. సముద్రాలు గాల్లో తేలుతున్నాయి, గాజు రెక్కల చేపలు మా మొహాల మీదికే వస్తున్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే చెవి దగ్గర నాయన.

"ఆ ముసిలి సైంటిస్టు సచ్చిపోతాడు సూడు."

చచ్చిపోయాడు.

"ఆ స్నేహితుడుండాడే, వాడే దొంగ."

వాడే దొంగ.

వెనక సీటాయన "ఏమప్పా, ముందే చూసినావా? మమ్మల్నీ చూడనీ" అన్నాడు. నాయన మీసం దువ్వుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. తెర మీద అన్ని రంగులు గుమ్మరించిన ఆ డైరెక్టరుకు కాస్త కొత్త కథ రాయించుకోవడానికి ఏం రోగం? వాడి బద్ధకానికి నా కూతురు ఆ స్కూటర్ ఎక్కాలా?

ఆట అయిపోయి లైట్లు వెలిగాయి. త్రీడీ కళ్ళజోడు తీసి నాయన వైపు చూశాను. ఆయన కళ్ళజోడు చొక్కా జేబులో ఉంది. కవరు కూడా చింపలేదు. అది లేకుండా చూస్తే మనబోటివాళ్ళకు బొమ్మ మీద బొమ్మ అలికినట్టుండి ఐదు నిమిషాల్లో తలనొప్పి వస్తుంది. ఈయనకు రెండున్నర గంటలూ తేడా తెలియలేదు.

"ఇది పెట్టుకోలేదేం నాయనా?"

"సూపు తక్కువోళ్ళకు ఇస్తాండారేమో అనుకుంటి."

పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు సిగ్గేసింది.

ఆటోలో నాయన "రేపు ఆసుపత్రికి పోదాంలే" అన్నాడు. మళ్ళీ, "అందరూ అబ్బా, అబ్బా అంటాండ్రి. ఏముండింది ఆడ?" అని అడిగాడు.

"అదా, హీరో ఆ గ్రహానికి పోతాడు కదా..." అని మొదలుపెట్టాను.

"కథ నాకు తెలుసులేమ్మా. బొమ్మ చెప్పు."