మా బావ డీజిల్ కొలత

పోయిన వారం షాద్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు పోవలసి వచ్చింది. ఇంధన పొదుపు మీద సభ. లారీల ఓనర్లు, ఫ్యాక్టరీల వాళ్లు, బొకేలు, గంటకు పైగా మైకు. నేను ఒకప్పుడు చిట్యాలలో గుమాస్తాగా కొలువు చేసిన లారీ ఆఫీసు ఓనరుకు ఆ రోజు శాలువా కప్పారు. తక్కువ డీజిల్‌తో ఎక్కువ సరుకు ఎట్లా మోయవచ్చో దారి చూపించాడట. పాత పరిచయం కొద్దీ నన్నూ పిలిచాడు, మొహమాటం కొద్దీ నేనూ పోయాను. మధ్యలో ఊపిరాడక బయటికి వస్తే గేటు పక్కన ఆయన కారు నిలబడి ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి, ఇంజను నడుస్తోంది, లోపల మనిషి లేడు. డ్రైవరు గోడ నీడన నిలబడి పల్లీలు తింటున్నాడు. “ఉత్తగ ఎందుకు నడుస్తాంది, బంజేయరాదు?” అన్నాను. “సారు వచ్చి కూసునే వరకు లోపల సల్లగుండాలె. బంజేస్తే నన్ను తిడ్తడు” అన్నాడు. నాకు రోత పుట్టింది. ఆ కారును చూసి కొంత, నన్ను చూసుకుని ఎక్కువ. ఎందుకంటే పది నిమిషాల కిందటే, శాలువా కప్పుతుంటే, అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టి వచ్చాను. ఆ శాలువా తెచ్చిపెట్టిన ఉపాయం మా బావది. దాన్ని ఆయన చేతిలో పెట్టింది నేను.

బావ అంటే మా అక్క పెనిమిటి. మగ్గం నేసే ఇంట్లో పుట్టి లారీ తోలిన మనిషి. మగ్గం వదిలినా మగ్గం బుద్ధి ఆయనను వదలలేదు. పోగు తెగితే ముడేసుకుని నేసే వాళ్ల పిల్లవాడాయె, ఏదీ వృథా పోనిచ్చేవాడు కాదు. పెళ్లి భోజనంలో ఆయన పక్కన కూర్చుంటే విస్తరిలో మెతుకు వదలడానికి భయమేసేది. లారీ మీద తాడిపత్రి, అదే టార్పాలిన్ గుడ్డ, కప్పి తాడు బిగించాడంటే, పడుగు సరిచూసినట్టు నాలుగు వైపులా వేలితో మీటి చూసేవాడు. “గుడ్డ గాలికి కొట్టుకున్నదంటే బండిని ఎనుకకు గుంజుతది బామ్మర్దీ, గా గుంజుడుకు డీజిల్ తాగుతది” అనేవాడు. పొద్దున్నే ఇనుప కడ్డీతో టైర్లన్నీ కొట్టి, మోత విని గాలి సంగతి చెప్పేవాడు. నాకు అన్ని టైర్లూ ఒకే తీరుగా మోగేవి. అన్నింటికన్నా ఆయనకు పడనిది ఖాళీ బండి. చిట్యాల నుంచి సిమెంటు బస్తాలు కొత్తకోటకు దింపి మిగతా లారీలు ఖాళీగా తిరిగి వస్తుంటే, ఆయన ముందు రోజే అక్కడి రైస్ మిల్లులకు ఫోన్ చేసి, మా వైపు కోళ్ల ఫారాలకు తవుడు మాట్లాడుకుని పెట్టుకునేవాడు. ఆయన లారీ నిండుగా పోయి నిండుగా వచ్చేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తోటి డ్రైవర్లు ఆట పట్టించేవారు గాని, అందులో ప్రేమే ఉండేది. ముఖ్యంగా ఒక పెద్ద డ్రైవరు, బావ ఆయనను అన్నా అని పిలిచేవాడు. చిట్యాల అడ్డ మీద హోటల్లో ఇద్దరూ ఒక్క చాయ్ చెప్పి రెండు గ్లాసుల్లో పోసుకునేవారు. నిండు చాయ్ తాగితే నిద్రపట్టదని ఒకరు, పైత్యమని ఒకరు సాకు చెప్పేవారు. అసలు సంగతి, ఆ సగం సగం లేకపోతే ఇద్దరికీ బండి కదలదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో డీజిల్ ధర మా ఓనరుకు నిద్ర లేకుండా చేసింది. నేను తెలివి చూపించాలనుకున్నాను. బావ పద్ధతులన్నీ, ఏ మిల్లులో ఏ రోజు లోడు దొరుకుతుంది, ఎన్ని కిలోమీటర్లకు ఎంత డీజిల్ పడుతుంది, అన్నీ చక్కని చేతిరాతతో ఒక నోటుబుక్కులో రాశాను. బావకు చూపిస్తే మురిసిపోతాడనుకున్నాను. ఆయన పేజీలు తిప్పి నా చేతికి ఇచ్చేశాడు. “గిది నా బండి ముచ్చట. గీ కొలత అందరికి పెట్టనియ్యకు. ఒక్కో బండిది ఒక్కో కడుపు. అన్న తోలేది పాత బండి, దాని ఇంజను తాగినంత తాగుతది” అన్నాడు. సరే అన్నాను. మర్నాడే తీసుకుపోయి ఓనరు బల్ల మీద పెట్టాను. బావకు పేరు వస్తుందని పెట్టాననే ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. నిజానికి నాకు పేరు కావాలి. వచ్చింది కూడా. నా చెక్క కుర్చీ తీసేసి చక్రాల కుర్చీ వేయించారు. సిగ్గులేకుండా రెండు రోజులు దాని మీద గుండ్రంగా తిరిగాను.

నెల తిరగక ముందే గోడకు కాగితం అంటించారు. బావ బండికి ఎంత డీజిల్ పడుతుందో అన్ని బండ్లకూ అంతే. మించితే డ్రైవరుకిచ్చే రోజు ఖర్చు బత్తాలో కోత. తిరుగు లోడు లేకుండా రావద్దు, ఆ లోడు ఎంత ఎక్కువైతే అంత మంచిది. టైర్లు అరిగి గుండైనా కొత్తవి వేయించే మాట మాత్రం ఆ కాగితంలో లేదు. తాడిపత్రులు చిరుగులు పడ్డవే. ఖర్చు లేని నీతులన్నీ తీసుకుని ఖర్చయ్యేవన్నీ వదిలేశాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా! డ్రైవర్లు కోత తప్పించుకోవడానికి దిగుడు వచ్చినప్పుడల్లా గేరు తీసేసి బండిని దానంతట అదే దొర్లనివ్వడం మొదలుపెట్టారు. దానితో చెంచాడు డీజిల్ మిగులుతుందేమో గాని, బ్రేకు మీదే ప్రాణం. ఆ కొలత ఇచ్చింది బావేననుకుని, ఆయన హోటల్లోకి వస్తే బెంచీ మీది వాళ్లు లేచిపోయేవారు. ఒకరోజు నేను కళ్లారా చూశాను. బావ అలవాటుగా “ఒక చాయ్, రెండు గిలాసలు” అన్నాడు. ఆ పెద్ద డ్రైవరు హోటలాయనతో “నాకు నిండు చాయ్ ఇయ్యి, వేరే” అన్నాడు. బావ తన సగం గ్లాసు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో, అది చల్లారిపోయింది.

ఆ తర్వాత వానలు పడ్డాక, కొత్తకోట నుంచి తవుడు నింపుకుని వస్తూ, వంతెన దిగుడులో ఆ పెద్ద డ్రైవరు కూడా గేరు తీశాడు. లోడు ఎక్కువ, టైర్లు గుండు. లారీ పక్క గుంతలో పడింది. దవాఖానలో ఆయన కాలు మోకాలి కింద తీసేశారు. ఓనరు గోడ మీది పాత కాగితం పక్కన ఇంకో కాగితం అంటించాడు, గేరు తీసి నడిపితే బాధ్యత డ్రైవరుదే అని. పాతది మాత్రం తీయలేదు. ఆ రెండో కాగితం కూడా నా చక్కని చేతిరాతే. దాని మీద ఉమ్మేయాలని ఇప్పుడనిపిస్తుంది గాని, అప్పుడు మూలలు ఊడకుండా నేనే జిగురు పెట్టాను.

బావ దవాఖానకు పోతే ఆ పెద్ద డ్రైవరు గోడ వైపు తిరిగి పడుకున్నాడట. అక్కడి నుంచి బావ నేరుగా ఆఫీసుకు వచ్చి లారీ తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను. “బండి కడుపు నాకెరుక, బామ్మర్దీ. నీ కడుపే ఎరుక లేకపాయె” అన్నాడు, అంతే. మళ్లీ లారీ ఎక్కలేదు. ఇప్పుడొక చిన్న ట్రాలీ ఆటోలో నేత ఇళ్లకు నూలు చేరుస్తాడు, వచ్చేటప్పుడు చీరలు వేసుకొస్తాడు. ఖాళీగా తిరగడు.

షాద్‌నగర్ నుంచి తిరిగి వస్తూ చిట్యాలలో దిగి ఆయన దగ్గరికి పోయాను. శాలువా సంగతి, ఊరికే నడుస్తున్న కారు సంగతి చెప్పాను. చప్పట్ల సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆయన అంతా విని లేచాడు. అదే హోటల్లోకి తీసుకుపోయాడు. ఒక్కటే చెప్పి సగం నాకు పోస్తాడని లోపల ఆశపడ్డాను. “రెండు చాయ్” అన్నాడు. నా ముందు నిండు గ్లాసు పెట్టించాడు. చుట్టానికి ఇచ్చే మర్యాదే, తప్పు పట్టడానికేమీ లేదు. తాగలేక తాగాను. బావ ఏనాడూ బండిని ఖాళీగా వెనక్కి తేలేదు. నేను మాత్రం ఇన్నేళ్లుగా ఆయన దగ్గరికి ఎన్నిసార్లు పోయినా, ఖాళీగానే తిరిగి వస్తున్నాను.