లక్కడ్‌కోట్ ప్రహ్లాద్ ఎవరు?

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో మా రేడియో స్టేషన్ ఉంది. పెట్టినప్పుడే యజమానులు అనుకున్నారట, కుర్రకారు పాటలు మనకొద్దు, ముప్పై దాటినవాళ్లు పని చేసుకుంటూ వినేవి చాలు అని. అందుకే పొద్దున అభంగాలనే మరాఠీ భక్తి పాటలు, మధ్యాహ్నం పాత హిందీ పాటలు, సాయంత్రం బొగ్గు గనుల నుంచి ఇళ్లకు చేరేవాళ్లకు మెల్లని మరాఠీ పాటలు. ఆదివారం పొద్దున ఒక్క అరగంట తెలుగు.

ఆ అరగంట హేమలతది. ఊళ్లోనే లాల్‌పేట్ బస్తీలో పుట్టి మరాఠీ బడిలో చదివింది, ఇప్పటికీ అక్కడే ఉంటుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. చెప్పాల్సినవన్నీ మరాఠీ అక్షరాల్లో రాసుకుంటుంది. వారమంతా మిషన్ మీద జాకెట్లు కుట్టి, ఆదివారం మంచి చీర కట్టుకుని వెళుతుంది. రేడియోలో చీర ఎవరు చూస్తారని భర్త సంజీవ్ అడిగితే, "నేను సూస్త గదా" అంటుంది.

మొన్న వానాకాలంలో మేనేజర్ అమిత్ ఆమెను పిలిచాడు. తెలుగు రాదు గానీ మర్యాదస్తుడు. "తాయీ, మీ కార్యక్రమానికి ఒక్క ఫోనూ రావడం లేదు. ఈ ఆదివారం కూడా అంతే అయితే ఆ అరగంట రాశిఫలాలకు ఇచ్చేస్తాం," అని మరాఠీలో మెల్లగా చెప్పాడు.

ఆ పూట హేమలతకు అన్నం సయించలేదు.

"ఏందే, గింత దానికి రంది పెట్టుకున్నవ్? నేను చేస్త ఫోను," అన్నాడు సంజీవ్.

"నీ గొంతు లాల్‌పేట్ మొత్తానికి ఎరుకే."

"తెలంగాణ బార్డర్ కాడి లక్కడ్‌కోట్ అని చెప్త. గంత దూరం మన రేడియో ఎవలింటరు?"

ఆదివారం అనుకున్నట్టే ఫోన్ మోగింది. సంజీవ్ గొంతు బొంగురు చేసి, "నమస్తే అక్కా, లక్కడ్‌కోట్ నుంచి ప్రహ్లాద్‌ను," అన్నాడు. భర్త అక్కా అనేసరికి వచ్చిన నవ్వును హేమలత దగ్గుగా మార్చి, "వానలెట్లున్నయి తమ్మీ?" అని అడిగింది.

"మస్తుగున్నయక్కా."

పాట వేసింది. అది అయిపోగానే మళ్లీ ఫోన్.

"బిడ్డా, నేను ఇస్తారిని, లక్కడ్‌కోట్. మా ఊర్ల గీ ప్రహ్లాద్ ఎవరు? ఎవల కొడుకు? చినుకు లేక పత్తి ఎండుతుంటే మస్తుగున్నయంటడేంది?"

తర్వాత ఎల్లమ్మ, అదే ఊరు. "ఎవలింటికన్న ఇల్లరికం వచ్చిండేమో అడుగు బిడ్డా."

ఆ వెనకే లాల్‌పేట్ నుంచి ఒకాయన. "అది మా పక్కింటి సంజీవ్ గొంతు లెక్కనే ఉన్నది చెల్లె."

స్టూడియో అద్దం అవతల అమిత్ ముఖం వెలిగిపోతోంది. ఇస్తారి మళ్లీ చేశాడు. ఇక దాచేదేముందని హేమలత మైకులోనే చెప్పేసింది.

"పెద్దయ్యా, గాయన మా ఆయన. ఎవ్వరు ఫోన్ చేస్తలేరని ప్రోగ్రాం తీసేస్తమన్నరు. గందుకే చేసిండు."



"మేం వారం వారం ఇనుకుంటనే ఉన్నం గదా బిడ్డా. నువ్వేసే పాటలు మంచిగనే ఉంటయి, మల్ల అడుగుడేందని ఊకున్నం. మీ సాబుకియ్యి ఫోను."

అమిత్ లోపలికొచ్చి అందుకున్నాడు. ఇస్తారి మరాఠీ అమిత్ మరాఠీ కంటే జోరుగా ఉంది. "హో కాకా, హో కాకా," అని అవునవునడం తప్ప అమిత్‌కు మరో మాటకు సందు దొరకలేదు. చివరికి, "తీయం కాకా, ఉంచుతాం," అని ఫోన్ హేమలత చేతికిచ్చాడు.

"ఏ పాట వెయ్యమంటవ్ పెద్దయ్యా?"

"ఇంక పాటేంది, నీ అరగంట అయిపాయె," అన్నాడు ఇస్తారి. "పై ఆదివారం సూద్దాం."