తినని పిల్లికి ఇన్సులిన్

రాజాంలో మా బట్టల కొట్టు వెనకే మా ఇల్లు. మా పిల్లికి షుగర్ అని తెలిసినప్పుడు బజారులో అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు, ఆమెకీ షుగరే. అమ్మ షుగర్ చూసుకునే మిషన్‌తోనే పిల్లి చెవి అంచున గుచ్చి రక్తం చూడటం నేర్చుకున్నాను.

ఆ వానాకాలం దాని పంటికి చీము పట్టింది. విశాఖ తీసుకెళ్లి పన్ను తీయించాం. ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున్న చూస్తే మిషన్ మీద అంకె రాలేదు. కొలవలేనంత ఎక్కువ అని చూపించింది. పిల్లి నీళ్లు గిన్నెడు తాగింది గానీ ముందురోజు నుంచి తిండి ముట్టలేదు.

పన్ను తీసిన విశాఖ డాక్టరుకి ఫోన్ చేశాను.

"ఖాళీ కడుపు మీద రోజూ ఇచ్చే ఇన్సులిన్ డోసు ఇవ్వకండి, షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ముందు తినిపించి చూడండి. తినకపోతే వెంటనే తీసుకొచ్చేయండి" అన్నారాయన.

సిరంజి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఇవ్వడానికీ భయమే, మానడానికీ భయమే. ఉడికించిన చేప ముళ్లు తీసి మూతికి రాస్తే మొహం తిప్పుకుంది.

"ఏటే, ఏడుస్తన్నావా?" అంది అమ్మ. "రేపు నేను తిననంటే ఇలాగే కూసుంటావేటి?"

సిరంజికి మూత పెట్టేసి లేచాను.

పిల్లిని బుట్టలో పెట్టి తువ్వాలు కప్పి విశాఖ బస్సెక్కాం. విజయనగరం దాటేవరకూ అది కదల్లేదు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, గంటగంటకీ రక్తం చూస్తూ కొంచెం కొంచెంగా ఇన్సులిన్ ఇచ్చారు. మర్నాడు అక్కడి నర్సు చేతిలో నాలుగు ముద్దలు తింది. నా చేతిలో ఎందుకు తినలేదో ఇప్పటికీ నాకు తెలియదు.